దొర దయ, దేవుని దయ

తెలంగాణ పల్లెల్లో 'దయ' అన్న మాటకు ఒక చరిత్ర ఉన్నది. కరీంనగర్ జిల్లా గడీల ముందు ఆ మాట తలరుమాలు విప్పి, చెప్పులు చేతపట్టుకుని, నడుము వంచి నిలబడింది. 'బాంచన్ దొరా, మీ దయ' అన్న పలకరింపులో తరాల వెట్టి దాగి ఉన్నది. కళ్ళంలో ఊడ్చిన తాలుగింజలు ఇస్తే దొర దయ. కొట్టకుండా విడిచిపెడితే దొర దయ. చచ్చిన గొడ్డు తోలు వాడకే వదిలేస్తే అదీ దొర దయే. అందుకే 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రలో కదిలిన వేలాది కూలీలు, రైతులు దయను యాచించలేదు. భూమిని, కూలిని, మర్యాదను హక్కుగా అడిగారు. ఉత్తర తెలంగాణ రాజకీయ చైతన్యం దయను అనుమానంతో చూడటం ఆ అనుభవం నుంచే నేర్చుకున్నది. ఆ అనుమానం న్యాయమైనదే.

అయితే అదే కాలంలో, అవే వాడల్లో, మరో దయ కోసం మొరపెట్టుకునే గొంతులు కూడా వినిపిస్తూ వచ్చాయి. ఆదివారం రేకుల కప్పు కింద, వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంటి అరుగు మీద, నాట్ల నుంచి, కలుపుల నుంచి తిరిగివచ్చిన ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుని కన్నీళ్ళతో పిలిచే దేవుని దయ అది. నేను ఆ మొర వింటూ పెరిగినవాణ్ణి. మా వాడలో పెద్దతరం మనుషులు దొర ముందు పలికిన దయకూ, ప్రార్థనలో పలికిన దయకూ గొంతులోనే తేడా ఉండేది. మొదటిది నేలను చూస్తూ పలికేది. రెండవది పైకి చూస్తూ పలికేది. దళిత క్రైస్తవుల గురించి ఇన్ని దశాబ్దాలుగా సాగుతున్న చర్చ ఈ తేడాను పట్టించుకోలేదన్నది నా వాదన.

వాడ విశ్వాసం గురించి మన బహిరంగ చర్చలో మూడు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. అది మత్తుమందు, కష్టాలకు కారణాన్ని వెతకనివ్వకుండా చూపును పరలోకం వైపు మళ్ళిస్తుందన్నది మొదటిది. అది బియ్యానికో, బట్టలకో, బడిలో చోటుకో కుదిరిన బేరమన్నది రెండవది. విశ్వాసం ఆత్మకు సంబంధించినది, కులం లోకానికి సంబంధించినది, రెండింటినీ కలపవద్దన్నది మూడవది. ఈ చివరి మాట కొందరు క్రైస్తవ బోధకులే చెబుతారు. ఈ మూడు అభిప్రాయాలు పరస్పరం విరుద్ధంగా కనిపించినా ఒకచోట ఏకమవుతాయి. దేవుని దయను నమ్మిన మాదిగ స్త్రీ, మాల కూలీ ఆ నమ్మకంతో తమ బతుకులో ఏమి నిర్మించుకున్నారన్న ప్రశ్నను ఏ ఒక్కరూ వేయరు.

వెట్టినేలపై పడిన మాట

నిజాం రాజ్యపు గ్రామంలో మాదిగ చెప్పులు కుట్టాలి, మోట బొక్కెన కుట్టాలి, గొడ్డు చస్తే ఎత్తాలి, డప్పు కొట్టి చాటింపు వేయాలి. అధికారి వస్తే మాలమాదిగలు మూటలు మోయాలి, కబురు చేరవేయాలి. వీటికి కూలి లేదు, కాదనే వీలు లేదు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్ నుంచి మెదక్, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలకు వచ్చినప్పుడు, వారి మాటను మొదట విన్నది ఊరు కాదు, వాడ. నేటి కరీంనగర్‌లోని సీఎస్ఐ వెస్లీ కేథడ్రల్ పేరు ఆ చరిత్రకు గుర్తు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మెథడిస్టు, ఆంగ్లికన్ తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు ఈ వాడల చర్చిలు కూడా అందులో భాగమయ్యాయి. గోదావరికి అవతల ఆదిలాబాద్‌లో కాథలిక్ గురువులు, మఠకన్యలు బడుల ద్వారా, వైద్యం ద్వారా పనిచేశారు. 1999లో మంచిర్యాల కేంద్రంగా సీరో మలబార్ సంఘపు ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది.

ఇదంతా బేరమేనన్న ఆరోపణకు తెలుగునేల చరిత్రలోనే జవాబు ఉన్నది. 1876-78 మహాకరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలిపని చూపించాడు. కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సహాయం ముగిశాక కూడా జనం వెనుదిరగలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారిని ఆ దారికి మళ్ళించిన తొలి మనిషి అమెరికా దొర కాదు. అంతకు పుష్కరం ముందు, 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తెలుగు దళితుల క్రైస్తవ చరిత్రను తెల్లవారి దానంగా చెప్పేవారు పేరయ్య పేరు ఎందుకు మరిచిపోతారో ఆలోచించాలి. అంటరానివాడు తనంతట తాను ఆలోచించి ఒక నిర్ణయం తీసుకోగలడని ఒప్పుకోలేకపోవడమే ఆ మరుపునకు మూలం.

కరుణ చేసిన పనికి మరో ఉదాహరణ కరీంనగర్‌కు పొరుగునే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఉన్నది. కుష్ఠురోగులను ఊరే కాదు, వాడ కూడా వెలివేసిన కాలంలో, 1915లో స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ అక్కడ కుష్ఠు ఆసుపత్రిని స్థాపించింది. దానికి విరాళమిచ్చినవాడు నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్. అంటే కరుణకు మతం అడ్డం రాలేదు. రోగి ఏ కులమో, ఏ దేవుణ్ణి మొక్కుతాడో అడిగి చికిత్స చేసే పద్ధతి అక్కడ లేదు. దయ తన అసలు రూపంలో ఉన్నప్పుడు గాయాన్ని చూస్తుంది, ధ్రువపత్రాన్ని చూడదు. ఈ మాట గుర్తుంచుకోవాలి. స్వతంత్ర భారత రాజ్యం సరిగ్గా దీనికి విరుద్ధంగా ప్రవర్తించింది.

యోబు ప్రశ్న

బైబిలులో యోబు కథ ఉన్నది. ఆస్తి పోయి, పిల్లలు చచ్చిపోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి యోబు. ఓదార్చడానికి ముగ్గురు మిత్రులు వస్తారు. కొంతసేపు మౌనంగా కూర్చుని, ఆ తర్వాత వాదించడం మొదలుపెడతారు. కారణం లేకుండా కష్టం రాదు, నీవు ఏదో పాపం చేసే ఉంటావు, ఒప్పుకో అన్నది వారి వాదన సారాంశం. యోబు ఒప్పుకోడు. దేవుణ్ణే నిలదీస్తాడు. కథ చివర దేవుడు కోపగించుకున్నది నిలదీసిన యోబు మీద కాదు. తన పక్షాన వాదిస్తున్నామనుకున్న ఆ మిత్రుల మీద.

యోబు మిత్రుల వాదన మన గ్రామానికి కొత్తది కాదు. పూర్వజన్మలో పాపం చేశావు, అందుకే ఈ జన్మలో మాదిగగా పుట్టావు అన్న కర్మసిద్ధాంతం ఆ వాదనకు మరింత కఠినమైన రూపం. యోబుకు తాను చేసిన పనులైనా గుర్తున్నాయి కనుక తాను నిర్దోషినని చెప్పగలిగాడు. వాడ మనిషికి ఆ అవకాశం కూడా లేదు. తాను చూడని జన్మలో, తనకు గుర్తులేని నేరానికి, తాను వినని విచారణలో పడిన శిక్ష అది. ఆ శిక్షను అనుభవిస్తున్న మనిషికి దైవకృప గురించిన బోధ ఒక విడుదల తీర్పులా వినిపించింది. నీ పుట్టుక నీ నేరానికి ఫలితం కాదు. నీ బాధ నీవు సంపాదించుకున్నది కాదు. నిన్ను పుట్టించినవాడే నీ పక్షాన ఉన్నాడు. వాడ విశ్వాసానికి కేంద్రం ఇదే. పరలోకం ఆ తర్వాతి మాట.

ఈ దయకూ దొర దయకూ ఉన్న భేదం ఇక్కడే తేలుతుంది. దొర దయ మనిషిని తక్కువవాడిగా నిలబెట్టి, ఆ తక్కువతనాన్ని ఒప్పుకున్నందుకు కూలి ఇస్తుంది. దేవుని దయ ఆ తక్కువతనాన్నే అబద్ధమని కొట్టివేస్తుంది. అందువల్లనే వాడ క్రైస్తవంలో 'సాక్ష్యం' అన్న ఆచారానికి అంత బలం వచ్చింది. ఆరాధన మధ్యలో ఒక కూలి స్త్రీ లేచి నిలబడి, మైకు అందుకుని తన కష్టాన్ని, దాన్ని తాను దాటిన తీరును అందరి ముందు చెబుతుంది. అందరూ వింటారు. గ్రామసభలో ఆమెకు మాట లేదు. పంచాయితీలో ఆమె తరఫున మగవాడు మాట్లాడాలి. దొర వాకిట్లో ఆమె నోరు విప్పరాదు. తన జీవితం నలుగురు వినదగిన కథ అని ఆమె మొదటిసారి నమ్మిన చోటు ఆ రేకుల కప్పే. బైబిలు చదవాలన్న కోరికతో వయసు మళ్ళాక అక్షరాలు కూడబలుక్కున్న స్త్రీలను నేను చూశాను. దీన్ని మత్తుమందు అనేవారు మత్తులో ఉన్న మనిషి అక్షరాలు నేర్చుకోడని తెలుసుకోవాలి.

జాషువా జీవితం కూడా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. యాదవ తండ్రికి, మాదిగ తల్లికి 1895లో వినుకొండలో, క్రైస్తవ ఇంట పుట్టిన ఆ కవిని అంటరానితనం విడిచిపెట్టలేదు. 1941 నాటి 'గబ్బిలం'లో ఆయన అస్పృశ్యుని గోడును గుడిలోకి స్వేచ్ఛగా వెళ్ళగల గబ్బిలం ద్వారా కాశీ విశ్వేశ్వరునికి పంపాడు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. మొర ఆలకించే దేవుని పేరు ఒక కావ్యంలో శివుడు, మరో కావ్యంలో క్రీస్తు. మొరపెట్టించిన గాయం మాత్రం ఒక్కటే. మన రాజ్యాంగ వ్యవస్థ దేవుని పేరును చూసి గాయాన్ని కొలుస్తున్నది.

ఒకే నేల, మూడు న్యాయాలు

ఈ కొలత ఎంత అసంగతమో చూడాలంటే ఆదిలాబాద్‌కు మించిన చోటు లేదు. మహారాష్ట్రకు ఆనుకున్న ఆ మండలాల్లో మూడు ఇళ్ళను ఊహించండి. మొదటిది గోండు ఇల్లు. ఆ ఇంటివారు క్రైస్తవులైనా షెడ్యూల్డ్ తెగలవారే. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. రెండవది మహర్ ఇల్లు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ చూపిన దారిలో బౌద్ధం స్వీకరించిన కుటుంబం. 1990 సవరణ వల్ల వారు షెడ్యూల్డ్ కులాలవారిగానే ఉన్నారు. మూడవది మాదిగ ఇల్లు. ఆ ఇంటివారు క్రైస్తవులమని చెప్పుకున్న మరుక్షణం ఎస్సీ హోదా పోతుంది. ముగ్గురూ హిందూమతం బయటనే ఉన్నారు. ముగ్గురినీ చరిత్ర అణచివేసింది. ఇద్దరి గాయాన్ని రాజ్యం గుర్తిస్తుంది, మూడవవారి గాయం మానిపోయిందని ప్రకటిస్తుంది.

దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా. హిందూమతం తప్ప ఇతర మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులాల సభ్యులు కారని అది చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే మిగిలిపోయారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులుగా మారిన షెడ్యూల్డ్ కులాలవారిని బీసీ-సీ వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. తెలంగాణలోనూ అదే సాగుతున్నది. 1977లో 341 నంబరు జీవో ద్వారా కొన్ని ఆర్థిక రాయితీలు కల్పించారు. కానీ చట్టసభల్లో ఎస్సీ స్థానాల నుంచి పోటీచేసే హక్కు లేదు, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదు. చొప్పదండి, మానకొండూరు, ధర్మపురి, చెన్నూరు, బెల్లంపల్లి ఎస్సీ నియోజకవర్గాలే. పెద్దపల్లి లోక్‌సభ స్థానం కూడా అంతే. ఆ నేల మీద పుట్టి, ఆ వాడలో పెరిగి, తన విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకున్న మాదిగ అక్కడ ఓటు వేయగలడు గాని పోటీ చేయలేడు.

న్యాయస్థానాల దారి కూడా ఇరుకుగానే ఉన్నది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై, తోటి చెప్పులు కుట్టేవారికి ఉచితంగా ఇచ్చిన దుకాణపు బంకు తనకు క్రైస్తవుడినన్న కారణంతో నిరాకరించారని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1985 సెప్టెంబరు 30 నాటి తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. మతం మారాక కూడా కులం కొనసాగుతున్నదని చెబితే చాలదు, కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా అణచివేత ఉన్నదని నిరూపించాలన్నది న్యాయస్థానం మాట. అదే ఎండలో, అదే రోడ్డు పక్కన, అదే ఆరెతో అదే పని చేస్తున్న మనిషిని ఇంతకన్నా ఏ నిరూపణ అడగాలి? మరోవైపు, మతం మారినవారి సంతానం తిరిగి హిందూమతంలోకి వచ్చి, కులం వారిని అంగీకరిస్తే ఎస్సీ హోదా మళ్ళీ లభిస్తుందని అదే సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. చర్చి గడప దాటగానే నశించిన కులం, వెనక్కి అడుగు వేయగానే ఎలా లేచి వస్తుంది? నశించని దానికే తిరిగిరావడం సాధ్యం. కులం ఆ మనిషిని ఒక్కరోజు కూడా విడిచిపెట్టలేదని ఈ తర్కమే ఒప్పుకుంటున్నది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు మరో కేసులో, చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగంపై మోసమని వ్యాఖ్యానించింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు ఎదుటివాడి చేతిలో బైబిలు ఉందా లేదా అని చూసి తిడతాడా? 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్నందుకు హత్యకు గురైన దళిత యువకుడిది క్రైస్తవ కుటుంబం. హత్య చేయించినవారికి అతని మతంతో పని లేకపోయింది, కులమే సరిపోయింది. కత్తికి తెలిసిన సత్యం ఉత్తర్వుకు తెలియకపోవడం ఎంత విషాదం!

రాజ్యం విధించిన ఈ షరతు వల్ల మా వాడల్లో ప్రతి ఇంటికీ రెండు పేర్లు వచ్చాయి. బడి రిజిస్టరులో రాజయ్య, ప్రార్థనలో యోహాను. ఓటరు జాబితాలో లక్ష్మి, సంఘంలో మార్త. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతమే. వాడలో పుట్టినవారెవరూ ఈ అంకెను నమ్మరు. బయటివారు దీన్ని కపటమంటారు. నేను దీన్ని బతికే హక్కు కోసం పేదలు చెల్లిస్తున్న సుంకమంటాను. బాధలో తనను ఓదార్చిన దేవుని పేరు పలికినందుకు ఆ బాధకు రావలసిన పరిహారం రద్దవుతుందంటే, ఆ మనిషి ఏది దాచుకోవాలి? సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పిన స్త్రీ, తనపై జరిగిన అత్యాచారం గురించి న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పడానికి వెళితే, మొదటి సాక్ష్యమే ఆమెకు వ్యతిరేకంగా నిలబడుతున్నది.

చర్చి లోపలి గోడ

రాజ్యాన్ని ప్రశ్నించే గొంతుకు సంఘాన్ని ప్రశ్నించే ధైర్యం కూడా ఉండాలి. ఒకే తండ్రి పిల్లలమని పాడుకునేవారి పెళ్ళి ప్రకటనల్లో 'మాల క్రైస్తవులు', 'మాదిగ క్రైస్తవులు', 'రెడ్డి క్రైస్తవులు' అన్న విభజన నేటికీ చెక్కుచెదరలేదు. కాథలిక్ సంఘంలో అంటరానితనం ఉన్నదని భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధాన పత్రంలో తానే అంగీకరించింది. భారతదేశం నుంచి తొలి దళిత కార్డినల్‌గా హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ నియమితులు కావడానికి 2022 ఆగస్టు వరకు ఆగవలసి వచ్చింది. ప్రొటెస్టెంటు సంఘాల్లో మాలమాదిగల మధ్య పదవుల పోటీ దశాబ్దాలుగా నడుస్తున్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చి, 15 శాతం కోటా మూడు భాగాలైంది. మాదిగల సుదీర్ఘ పోరాటానికి అది న్యాయమైన ఫలితం. విచిత్రమేమంటే చర్చిలో మాల, మాదిగ అని వేరువేరుగా కూర్చున్నవారే బహిరంగంగా క్రైస్తవులమని చెబితే ఆ కోటా వెలుపల ఒక్కటిగా నిలబడతారు. ఐక్యత నేర్పలేని సంఘానికి రాజ్యం ఈ విధంగా ఐక్యతను శిక్షగా విధించింది.

సంఘపు మరో లోపం దయను ఓర్పుగా మాత్రమే బోధించడం. కష్టాలు వస్తాయి, సహించండి, కిరీటం పైన ఉంది అన్న ఉపన్యాసం సులభమైనది. అది యోబు మిత్రుల మాటకు దూరపు చుట్టం. సీఎస్ఐ, కాథలిక్ నాయకత్వాలు మూడవ పేరా రద్దు కోరుతూ వినతిపత్రాలు ఇచ్చాయి, సభలు జరిపాయి. కానీ ఆ డిమాండు ఆదివారపు ప్రసంగంలోకి, వాడ ప్రార్థనలోకి దిగిరాలేదు. తన విముక్తికి సంబంధించిన చట్టం గురించి సామాన్య విశ్వాసికి తెలియకుండా దైవకరుణను బోధించడమంటే సగం సువార్త బోధించడమే.

యెరికో దారిలో కేక

ఉత్తర తెలంగాణలో బాధకు కొదవ లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్ కాలనీల్లో బొగ్గుబాయి దిగిన భర్త కోసం చేసే ప్రార్థన ఈనాటిది కాదు. జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవారిలో కొందరు పెట్టెల్లో తిరిగివచ్చారు. అప్పుల వడ్డీ పెరుగుతుంటే, ఫోన్ రాక నెలలు గడుస్తుంటే, ఆ ఇళ్ళలో దీపం ఆరిపోకుండా నిలిపినది ఏమిటని అడిగితే వాడ స్త్రీలు చెప్పే జవాబు ఒక్కటే: దేవుని దయ. ఈ జవాబును వెక్కిరించడం తేలిక. కానీ నిరాశలో కూరుకుపోయిన మనిషి ఉద్యమం చేయలేడు. రేపు అనేది ఒకటి ఉన్నదని నమ్మినవాడే నేటి అన్యాయాన్ని సహించరానిదిగా చూస్తాడు. ఆశ పోరాటానికి ప్రత్యామ్నాయం కాదు, దానికి ముందు ఉండవలసిన నెలవు.

సువార్తల్లో బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడి కథ ఉన్నది. యెరికో ఊరి బయట దారిపక్కన కూర్చున్న అతడు, ఏసు అటుగా వెళుతున్నాడని విని కరుణించమని కేకపెడతాడు. జనం నోరుమూసుకోమని గద్దిస్తారు. అతడు మరింత బిగ్గరగా అరుస్తాడు. ఏసు ఆగి, నీకేమి కావాలని అడుగుతాడు. ఆ ప్రశ్నలో గౌరవం ఉన్నది. బిచ్చగాడికి ఏమి కావాలో ముందే తెలుసునని ఆయన అనుకోలేదు. బర్తిమయి నాణెం అడగలేదు, చూపు అడిగాడు. చూపు వచ్చాక మళ్ళీ దారిపక్కన కూర్చోలేదు, దారిలో నడిచాడు. దైవకరుణ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ కథ చాలు. అది మౌనంగా స్వీకరించే భిక్ష కాదు, గద్దించినకొద్దీ పెరిగే కేక. దాని ఫలితం మనిషి తన కాళ్ళ మీద తాను లేచి నడవడం.

రాజ్యం దగ్గర కూడా ఆ కేక చాలాకాలంగా వినిపిస్తూనే ఉన్నది. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో మూడవ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2009 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానాలు చేశాయి. ఆ పేరాను సవాలు చేస్తూ 2004లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వాన రెండేళ్ళ గడువుతో కమిషన్ వేసి, తర్వాత ఆ గడువును పొడిగించింది. సిఫారసు తర్వాత కమిషన్, కమిషన్ తర్వాత గడువు: ఇది నోరుమూసుకోమని గద్దించే జనానికి మర్యాదస్తుల రూపం.

కేంద్రం ప్రకటించిన ప్రకారం రాబోయే జనగణనలో కులాన్ని నమోదు చేస్తారు. గణకుడు వాడలోకి వచ్చి కులం అడుగుతాడు, మతం అడుగుతాడు. ఆ రెండు గడుల మధ్య నిలబడిన తల్లి ఒకదాన్ని దాచుకోకుండా జవాబు చెప్పగలగాలి. అందుకు రాజ్యం మూడవ పేరాను రద్దు చేయాలి. సంఘం తన లోపలి గోడను కూల్చి, ఈ డిమాండును ప్రార్థనలో భాగం చేయాలి. ప్రగతిశీల శక్తులు వాడ విశ్వాసాన్ని అజ్ఞానంగా కాక అనుభవంగా అధ్యయనం చేయాలి. అంబేద్కరిస్టు విద్యార్థులు ఎస్సీ హక్కుల పోరాటంలో క్రైస్తవ మాలమాదిగలను అతిథులుగా కాక ఇంటివారిగా పిలవాలి. కోటా తరిగిపోతుందన్న భయం ఉంటే, వారి జనాభా మేరకు కోటా పెంచమని కలిసి అడగాలి.

వాడకు దయ కొత్తది కాదు. దొర దయ ఎంత బరువో దానికి తెలుసు. దేవుని దయ ఎంత తేలికగా తల ఎత్తిస్తుందో కూడా తెలుసు. ఇప్పుడు అది రాజ్యాన్ని అడుగుతున్నది దయ కాదు. దేవుడు ఎన్నడో రద్దుచేసిన శిక్షను ఇంకా అమలుచేయవద్దని అడుగుతున్నది.